మచ్చుకత్తికి లారీ కట్టేనా?

మచ్చుకత్తి, అంటే కొమ్మలు నరికే పెద్ద కత్తి, కొట్టించాలంటే నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఏ కొలిమి దగ్గరైనా మొదట వినబడే మాట ఇది: "లారీ కమాన్ కట్ట తెచ్చుకోండి, ఇంక చూసుకోబన్లేదు." కమాన్ కట్టంటే లారీ చక్రాల పైన బరువు మోసే స్ప్రింగు పట్టీల బొత్తి. ఈమధ్య ఆ మాటకు పోటీగా ఇంకోటి బయల్దేరింది. ఫోన్లో కత్తుల వీడియోలు చూసే కుర్రాళ్లు డీ2 అనే టూల్ ఉక్కు తెప్పించి చేయిస్తే అంచు ఏళ్ల తరబడి పోదని చెప్పుకుంటున్నారు. మొదటి మాటలో నిజం చాలానే ఉంది. రెండో మాటలో ఉన్న నిజం చిన్న కత్తులకు చెందింది. ఇద్దరూ అడగకుండా వదిలేస్తున్నది మాత్రం ఒకటే. ఆ ఉక్కును కాల్చేది ఏ కొలిమిలో, ఎంత వేడిలో, దేంట్లో ముంచుతారు, ఆ తర్వాత దాంతో నరకబోయేది ఏమిటి?

నా అభిప్రాయం ముందే చెబుతాను. అడుగు, అడుగుంబావు అలుగుతో (పిడి బయట ఉండే కత్తి భాగం), నరకడానికే వాడే కత్తికి 0.55 నుంచి 0.75 శాతం దాకా కార్బన్ ఉన్న స్ప్రింగు జాతి ఉక్కు చాలు, అంతకు మించిన కార్బన్ దానికి భారమే. వీలైతే రకం తెలిసిన కొత్త పట్టీ కొనాలి. పాత కమాన్ కట్టే దిక్కయితే, దాని ముక్కను కాల్చి, ముంచి, విరిచి చూడకుండా కత్తికి చేయి పెట్టకూడదు. ఈ చివరి మాట దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

అరగడం వేరు, విరగడం వేరు

మన దగ్గర పెద్ద కత్తి పడే పాట్లు ఒకసారి లెక్కేసుకోండి. సముద్రం వార సరుగుడు తోపుల్లో కొమ్మలు కొట్టాలి. సుబాబుల్, జామాయిల్ కర్ర పడగొట్టాక రెమ్మలు చెక్కాలి. చేల గట్ల మీద చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) నరకాలి. వీటిలో చిల్లకంప అన్నిటికన్నా మొండిది. కర్ర మెలి తిరిగి ఉంటుంది, కొట్టిన దెబ్బ పక్కకు జారుతుంది, కత్తి దిగబడితే మనిషి దాన్ని అటూ ఇటూ ఊపి లాగుతాడు. అంచు కర్రలోకి దిగేటప్పటికంటే, అలా ఊపి లాగేటప్పుడే అలుగు ఎక్కువ బాధ పడుతుంది.

అంచు మొద్దుబారితే పది నిమిషాలు ఆకురాయి ఆడిస్తే సరిపోతుంది. చేలో ఉన్న మనిషికి అది పెద్ద కష్టం కాదు. అలుగు విరిగితే మాత్రం అరకిలో ఇనుము గాల్లోకి లేస్తుంది, పక్కన వంగి పనిచేసే మనిషి ఎక్కడుంటాడో తెలియదు. కాబట్టి పెద్ద కత్తికి ఉక్కు వెతికేటప్పుడు మొదట అడగాల్సింది దెబ్బకు ఎంత ఓరుస్తుందని. అంచు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఆ తర్వాతి సంగతి.

దీని వెనక లెక్క తేలికైనదే. కార్బన్ పెరిగేకొద్దీ, కాల్చి ముంచినప్పుడు వచ్చే గట్టిదనం పెరుగుతుంది. కానీ 0.6 శాతం దాటాక ఆ పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆపైన వేసే కార్బన్ గట్టి కార్బైడ్ రేణువులుగా మిగులుతుంది. అవి అరుగుదలను తగ్గిస్తాయి, నిజమే. దాంతోపాటు దెబ్బకు ఓర్చే గుణాన్నీ తగ్గిస్తాయి. చేపలు కోసే కత్తికీ, తోలు చెక్కే ఉలికీ ఆ బేరం లాభమే. చిల్ల మొద్దు మీద పడే కత్తికి నష్టం. గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో మచ్చుకత్తి అంచు 54 నుంచి 56 దగ్గర ఉంటే చాలు. చేతికి అర్థమయ్యేలా చెప్పాలంటే, కొత్త ఆకురాయి అంచు మీద కష్టంగానైనా పట్టాలి. పట్టకుండా జారిపోతూ ఉంటే ఆ కత్తి చేలోకి పోవడానికి ఇంకా సిద్ధం కాలేదు. అలాంటి అంచుకు పళ్లు పడతాయి. పడ్డ పళ్లను ఆకురాయితో తీయడం కూడా అవదు.

కమాన్ కట్ట ఒకే ఉక్కు కాదు

లారీ కట్ట మంచిదన్న మాటకు ఆధారం ఉంది. స్ప్రింగు పని చేయాలంటే గట్టిదనమూ, లక్షల సార్లు వంగి లేచే ఓర్పూ రెండూ కావాలి, మచ్చుకత్తికి కావలసిందీ అదే. కార్బన్ కూడా మనకు కావలసిన మోతాదులోనే ఉంటుంది. చిక్కల్లా ఆ పేరు కింద నాలుగైదు రకాల ఉక్కులు తిరుగుతుండటం.

పాత బండ్లలో ఎక్కువగా కనబడేది సిలికాన్ రకం: ఈఎన్45, 65ఎస్ఐ7 లాంటివి. వీటిలో సిలికాన్ ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. తర్వాత వచ్చినవాటిలో క్రోమియం రకం ఎస్‌యూపీ9, క్రోమియంతో పాటు కాస్త వెనేడియం కలిసిన 50సీఆర్‌వీ4 ఉంటాయి. రెండోదాన్నే ఈఎన్47 అని కూడా అమ్ముతారు. తుప్పు పట్టి ఆయిలు మరకలతో కుప్పలో పడున్నప్పుడు ఇవన్నీ ఒకే తీరు. ఏది ఏదో కంటితో చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మబోకండి.

రకం తెలియకపోతే వచ్చే నష్టం వేడి దగ్గర బయటపడుతుంది. క్రోమియం రకాలు 830 నుంచి 860 డిగ్రీల మధ్య కాగితే నూనెలో చక్కగా గట్టిపడతాయి. ఈఎన్45కి 900 పైచిలుకు కావాలి. కొలిమి దగ్గర వేడి కొలిచే సాధనం అయస్కాంతం. ఎర్రగా కాగిన ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. అయస్కాంతం వదిలిన తర్వాత కాగిన రంగు ఇంకో ఛాయ పైకి పోనిచ్చి ముంచితే క్రోమియం పట్టీ గట్టిపడుతుంది. అదే ఛాయలో సిలికాన్ పట్టీని ముంచితే సగం సగం గట్టిపడి ఊరుకుంటుంది. ఆ కత్తి అంచు మూడో రోజుకే మడిచిపోతుంది. నింద మాత్రం కట్ట మీద పడుతుంది, "ఈ కట్ట బాలేదు, వేరేది తెండి" అని. కట్టకు ఏమీ కాలేదు, కావలసిన వేడి దానికి అందలేదంతే.

సిలికాన్ రకానికి ఇంకో గుణముంది. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంటే పైపొరలో కార్బన్ కాలిపోతుంది. లోపల ఉక్కు బాగానే ఉన్నా, పైన కాగితం మందాన మెత్తటి ఇనుము మిగులుతుంది. కత్తికి పదును పెట్టి కొమ్మ కొడితే వంగేది ఆ పొరే. అందుకని ఈఎన్45తో చేసేటప్పుడు అంచును ముందే పూర్తిగా సన్నం చేయకూడదు. కాల్చి ముంచే నాటికి అంచు ఒకటిన్నర మి.మీ. మందం ఉండాలి, ఆ తర్వాత పక్కకు అర మి.మీ. చొప్పున సాన రాయి మీద తీసేయాలి. మొదటి వారం పదును నిలవని కత్తి, నాలుగుసార్లు సాన పట్టాక బాగుపడిందని అంటుంటారు. కారణం ఇదే, మెత్తటి పొర అరిగిపోయి అసలు ఉక్కు బయటికొచ్చింది.

పాత పట్టీలో దాగున్న పగులు

కందుకూరు వైపు సుబాబుల్ కొట్టే ముఠాలో ఒక కత్తి, పిడికి రెండు వేళ్ల పైన, పుటుక్కున విరిగింది. గట్టి దెబ్బకేమీ కాదు, మణికట్టు లావు రెమ్మకు. విరిగిన ముక్క కొలిమి దగ్గరకు వచ్చింది.

"ఆచారీ, లారీ కట్టే కదా ఇది, ఎట్టిరిగింది?"

"కట్టే నాయనా. ఇట్టా వెలుగులోకి పెట్టి చూడు, ఇరిగిన చోట ఆ మూల నల్లంగా లేదూ? అది ఇప్పుడిరిగింది కాదు. లారీ కింద ఉండంగానే చీలింది."

ఆ ముక్కలో చూడాల్సిందంతా ఆ నల్ల మూలలోనే ఉంది. విరిగిన ముఖం ముప్పావు వంతు శుభ్రంగా, బూడిద రంగులో మెరుస్తోంది. ఒక మూల గోరంత మేర నల్లగా, తుప్పు ఛాయలో ఉంది. నలుపున్న చోటికి అంతకు ముందే గాలీ తేమా చేరాయన్నమాట. కొలిమిలో కాల్చి సమ్మెటతో కొడితే పగులు అతుక్కుంటుందని అనుకుంటారు. అతుక్కోదు. లోపల తుప్పు పొర ఉన్న పగులు ఎంత కొట్టినా సాగుతుందే తప్ప కలవదు. పైన కనబడకుండా పోతుంది, అదింకా ప్రమాదం.

స్ప్రింగు పట్టీ పగుళ్లిచ్చే చోట్లు తెలిసినవే: మధ్య బోల్టు బెజ్జం చుట్టూ, యూ బోల్టు బిగించిన మేర, కింది పట్టీ కొన రుద్దుకునే గీత దగ్గర, చుట్ట తిప్పిన కన్ను దగ్గర. ఈ చోట్లు వదిలేసి మిగతాదాంట్లోంచి అలుగు తీసుకోవాలి. ఒక పట్టీ విరిగిందని కట్ట మొత్తం మార్చి అమ్మేసిన సరుకైతే, మిగతా పట్టీలు కూడా అన్ని కిలోమీటర్లూ అంతే బరువు మోసినవేనని గుర్తుంచుకోవాలి.

పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. వైరు బ్రష్షుతో తుప్పంతా రుద్ది తీసేయండి. కిరసనాయిలు పూసి పావుగంట ఉంచండి. పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి తెల్లగా రాయండి. పగులుంటే దాంట్లోకి దిగిన కిరసనాయిలు కాసేపటికి పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్ల గీత తేలుతుంది. రెండు వైపులా, పక్క అంచుల మీద కూడా చూడాలి. గీత తేలితే ఆ పట్టీని గడ్డపారకో గుద్దలికో వాడుకోండి, కత్తికి మాత్రం వద్దు.

కుప్పలో దొరికే మిగతావి

రైలు పట్టా ముక్క నిజానికి మంచి ఉక్కే. మామూలు పట్టాల్లో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం. కానీ అది ఇంటికెలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోతే 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ఉంది, దాని జోలికి పోకపోవడమే మేలు. టీఎంటీ కడ్డీ గట్టిగా ఉంటుందని దాంతో కత్తి కొట్టించేవాళ్లున్నారు. ఆ కడ్డీలో కార్బన్ పావు శాతం దగ్గరే. ఫ్యాక్టరీలో నీళ్లు చిమ్మి పైపొరను గట్టిపరుస్తారు, కొలిమిలో పెట్టిన నిమిషానికి ఆ గట్టిదనమంతా పోతుంది. రోటవేటర్ బ్లేళ్లలో 0.3 శాతం కార్బనుండే బోరాన్ ఉక్కు చాలాచోట్ల కనబడుతుంది. అది మట్టిలో రాళ్లను తట్టుకుంటుంది గానీ అంచు నిలపలేదు.

పాత ఆకురాయి, బేరింగు రింగు, పవర్ హ్యాక్సా బ్లేడు ఈ మూడూ చిన్న కత్తులకు బాగుంటాయి, పెద్దవాటికి పనికిరావు. ఆకురాయిలో కార్బన్ ఒక శాతం పైనే. దాని పళ్ల గాట్లు పూర్తిగా సాన పట్టి తీయకపోతే ఒక్కో గాటూ ఒక్కో పగులుకు మొదలు. సామిల్లు బ్యాండు రంపపు బ్లేడు మంచి ఉక్కు, కాకపోతే ఒకటీ ఒకటిన్నర మి.మీ. మందమే. కూరల కత్తికో, అరటి ఆకులు కోసే కత్తికో సరి. పెద్ద గుండ్రటి రంపపు బిళ్ల రెండున్నర మూడు మి.మీ. ఉంటే దాంతో పలుచటి పొదకత్తి బాగా కుదురుతుంది. కలుపు, గడ్డి, పచ్చి చెరుకు లాంటి మెత్తటి పనికి మందపాటి మచ్చుకత్తి కంటే అదే నయం, చేయి నొప్పి పుట్టదు.

డీ2 గురించి, స్టెయిన్‌లెస్ గురించి

డీ2 చెడ్డ ఉక్కని నేననను. ఒకటిన్నర శాతం కార్బన్, పన్నెండు శాతం దగ్గర క్రోమియం. వర్క్‌షాపుల్లో డైలకూ పంచులకూ దాన్ని వాడేది అరుగుదల తక్కువనే. దాన్ని గట్టిపరచాలంటే 1010 నుంచి 1030 డిగ్రీల వేడిలో, గాలి తగలకుండా, ఇరవై ముప్పై నిమిషాలు స్థిరంగా నిలపాలి. బ్లోయరు తిప్పే కొలిమిలో ఆ పని జరగదు. ఫర్నేసు ఉన్న చోటికి పంపి చేయించినా, అందులోని పెద్ద పెద్ద కార్బైడ్ రేణువులు ఎక్కడికీ పోవు. ఆరంగుళాల కత్తిలో వాటివల్ల లాభం. పదమూడు అంగుళాల అలుగుతో చిల్ల మొద్దును కొడితే అంచు ముక్కలుగా రాలేది ఆ రేణువుల వరసల వెంటే.

స్టెయిన్‌లెస్ కోరేవాళ్ల వాదనలో బలముంది. మన తీరంలో ఉప్పుగాలికి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. చేపల మార్కెట్‌లో, రొయ్యల షెడ్లలో పొద్దస్తమానం తడిలో నానే కత్తికి స్టెయిన్‌లెస్సే సరైనది, అక్కడ కార్బన్ ఉక్కు వాడమని చెప్పడం మొండితనం. నరికే కత్తికి వచ్చేసరికి చిక్కు. గిన్నెలు చేసే 304, 202 రకాలు ఎంత కాల్చి ముంచినా గట్టిపడవు. గట్టిపడే 420 జాతికి వెయ్యి డిగ్రీల దగ్గర వేడి కావాలి, మళ్లీ కొలిమి చాలదు. తయారై వచ్చిన ఫ్యాక్టరీ కత్తి కొనుక్కుంటే అది వేరే విషయం. కొట్టించుకునే కత్తికి కార్బన్ ఉక్కే గతి, రోజూ పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి ఆముదం చుక్క రాయక తప్పదు. కొబ్బరి బోండాల నీళ్లు, నిమ్మరసం తగిలి నల్లబడితే కంగారు పడొద్దు. ఆ నలుపు తుప్పు కాదు, దాన్ని రుద్ది తీసేస్తే ఎర్ర తుప్పుకు దారి ఇచ్చినట్టే.

పెద్ద అలుగు, చిన్న మంట

ఉక్కు ఎంపికలో చాలామంది పట్టించుకోనిది నిప్పు వెడల్పు. మామూలు కొలిమిలో బాగా కాగే చోటు ఐదారంగుళాలే. అంతకు రెట్టింపు పైనున్న అలుగును ముందుకూ వెనక్కూ ఆడిస్తూ కాల్చాలి. ఎంత చేయి తిరిగినవాడికైనా ఒక చోట 820, ఇంకో చోట 900 రావడం మామూలే. ఈ తేడాను క్షమించే ఉక్కే పెద్ద కత్తికి కావాలి.

కార్బన్ ఒక శాతం ఉన్న ఉక్కు ఈ తేడాను భరించలేదు. వేడి కాస్త ఎక్కువైన చోట ఉక్కు రేణువు (గ్రెయిన్, కార్బైడ్ రేణువు కాదు) ముదురుతుంది, ముంచగానే చీలుతుంది. 50సీఆర్‌వీ4లో ఉన్న కాసింత వెనేడియం రేణువు ముదరకుండా పట్టి ఉంచుతుంది. ఎస్‌యూపీ9లోని క్రోమియం వల్ల నూనెలోనే లోపలిదాకా గట్టిపడుతుంది, నీళ్ల దెబ్బ అవసరం ఉండదు. నా వరసలో ఈ రెండూ ముందుండటానికి కారణం ఇదే. తర్వాత ఈఎన్45, దాని వేడి తెలిసినవాడి చేతిలో. ఆ తర్వాత ఈఎన్9: 0.5 నుంచి 0.6 శాతం కార్బనుతో సాదా ఉక్కు, చవక, కానీ త్వరగా చల్లార్చకపోతే గట్టిపడదు, కాబట్టి నూనె పల్చగా, వేడిగా ఉండాలి, కదపకుండా ముంచితే కుదరదు.

వేడి సమంగా రావడానికి ఒక ఉపాయముంది. మూడంగుళాల ఇనప గొట్టం ముక్క, అలుగు కంటే పొడవైనది, ఒక కొన మూసేసి నిప్పుల్లో పడుకోబెట్టి, గొట్టం ఎర్రబడ్డాక అలుగును దాంట్లోకి దూర్చాలి. గాలి నేరుగా తగలదు, కార్బన్ పోవడం తగ్గుతుంది, ఛాయ ఒకే తీరుగా వస్తుంది. చిల్లబొగ్గు బాగా పేర్చితే ఈ పనికి సరిపోతుంది. పొద్దు గుంకిన తర్వాత చేయడం మంచిది, ఎండలో నారింజ ఛాయ కూడా ముదురు ఎరుపుగా కనబడి మోసం చేస్తుంది.

ముక్క విరిచి చూడటం

కత్తి తీయబోయే పట్టీలోంచే వేలెడు వెడల్పు, ఆరంగుళాల పొడవు ముక్క కోయండి. అంగుళానికో గాటు చొప్పున గ్రైండరుతో పైపైన గాట్లు పెట్టండి. ఇప్పుడు ఒక కొనను మాత్రమే మంటలో పెట్టి కాల్చాలి. ఆ కొన పసుపు ఛాయకు వచ్చేసరికి రెండో కొన నల్లగానే ఉండాలి, మధ్యలో నారింజ, ఎరుపు, ముదురెరుపు వరసగా కనబడాలి. అయస్కాంతం పట్టని చోటు ఏ గాటు దగ్గర మొదలైందో ఓ కన్నేసి, ముక్కను గోరువెచ్చటి నూనెలో నిలువుగా ముంచండి.

చల్లారాక మొదట ఆకురాయి ఆడించండి. పట్టకుండా జారేది ఎక్కడ మొదలైతే అక్కడే ఈ ఉక్కు గట్టిపడటం మొదలైంది. తర్వాత ముక్కకు గోనెపట్టా చుట్టి వైసులో బిగించి, కళ్లద్దాలు పెట్టుకుని, వేడి కొన వైపు నుంచి ఒక్కో గాటు దగ్గరా సుత్తితో కొట్టి విరవండి. కొన దగ్గర విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తుంది, అది వేడి మించిన చోటు, పెళుసు. కాస్త ఇవతలికి వస్తే ముఖం నున్నగా, మాసిన బూడిద రంగులో, రేణువు కంటికి ఆనకుండా ఉంటుంది. విరగడానికి దెబ్బ కూడా ఎక్కువ పడుతుంది. మీకు కావలసిన వేడి అది. ఇంకా ఇవతల ముక్క విరగదు, వంగుతుంది.

ఆ నున్నటి చోటు అయస్కాంతం వదిలిన గాటుకు పక్కనే ఉంటే మీ చేతిలో ఉన్నది క్రోమియం రకమో సాదా కార్బనో. బాగా ఎగువన, నారింజ ఛాయ దగ్గర మొదలైతే సిలికాన్ రకం. అసలు ఎక్కడా గట్టిపడకపోతే అది స్ప్రింగే కాదు, లేదా నూనె చాలని సాదా ఉక్కు. రెండోదేమో తేల్చడానికి ఇంకో ముక్కను ఉప్పునీళ్లలో ముంచి చూడొచ్చు. గ్రేడు పేరు తెలియకపోయినా, కత్తికి కావలసిన ఛాయ మాత్రం కచ్చితంగా తెలిసిపోయింది. గంటన్నర పని. దీన్ని ఎగ్గొట్టి కొట్టించిన కత్తి బాగా వచ్చిందంటే అది అదృష్టమే.

నిప్పురవ్వల పరీక్ష కూడా చెబుతారు, గ్రైండరు మీద రవ్వలు పూలు పూసినట్టు విచ్చుకుంటే కార్బన్ ఎక్కువని. మెత్తటి ఇనుమునూ ఉక్కునూ వేరు చేయడానికి అది పనికొస్తుంది. ఈఎన్45నీ ఎస్‌యూపీ9నీ వేరు చేయడానికి పనికిరాదు.

ముంచడం, దించడం

సాగగొట్టడం పూర్తయ్యాక అలుగును మూడుసార్లు, ప్రతిసారీ కొంచెం తక్కువ ఛాయకు కాల్చి, గాలిలో తనంతట చల్లారనివ్వాలి. సాగగొట్టేటప్పటి వేడికి ముదిరిన రేణువు దీంతో నున్నబడుతుంది. ఈ మెట్టు దాటేసినవే ముంచేటప్పుడు మెలి తిరుగుతాయి.

మన కొలిముల్లో నీళ్లలో ముంచే అలవాటు గట్టిది. తక్కువ కార్బన్ పాత ఇనుముతో పనిచేసినన్నాళ్లు అది తప్పు కాదు. స్ప్రింగు ఉక్కు సన్నటి అంచును నీళ్లలో పెడితే "టింగు"మని చిన్న శబ్దం వస్తుంది, ఆ కత్తి పని అయిపోయినట్టే. వేరుశెనగ నూనెగానీ పామాయిల్‌గానీ ఎనిమిది పది లీటర్లు, నిలువుగా పట్టే డబ్బాలో, 50–60 డిగ్రీలకు వెచ్చబెట్టుకోవాలి. కాలిన ఇంజనాయిల్ వాడేవాళ్లు చాలామంది, దాని పొగ పీల్చడం ఊపిరితిత్తులకు చేటు. మూత దగ్గర పెట్టుకోండి, నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మూత వేయాలి.

నరికే కత్తికి అలుగంతా ముంచనక్కర్లేదు. అంచు వైపు అంగుళం మేర ముంచి, వీపు నల్లబడేదాకా ఆగి, తర్వాత మొత్తం దించితే అంచు గట్టిగా, వీపు మెత్తగా నిలుస్తుంది. ముంచిన గంటలోపే రంగు దించాలి, అంటే మళ్లీ కాస్త వేడి చేసి పెళుసుదనం తగ్గించాలి. పొద్దున చూద్దాంలెమ్మని గోడకు ఆనించిన అలుగు రాత్రికి రాత్రే చీలిన సందర్భాలున్నాయి. అలుగును ఒక పక్క తెల్లగా మెరిసేలా రుద్ది, బాగా కాగిన మందపాటి ఇనప దిమ్మ మీద వీపు ఆనించండి. రంగులు వీపు నుంచి అంచు వైపు నడుస్తాయి: ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఊదా, నీలం. క్రోమియం రకాలకు అంచు గోధుమ రంగు పోయి ఊదా మొదలయ్యేచోట, అంటే 260–270 డిగ్రీల దగ్గర, ఆపాలి. సిలికాన్ రకం అదే వేడిలో తొందరగా మెత్తబడదు కాబట్టి నిండు ఊదా దాకా పోనివ్వచ్చు. చల్లార్చి, మళ్లీ రుద్ది, ఇంకోసారి అదే పని.

కొలిమి మీద నమ్మకం కుదరకపోతే ఇంకో దారి ఉంది. స్ప్రింగు పట్టీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే రాక్‌వెల్ 45 దరిదాపుల్లో గట్టిపడి ఉంటుంది. ఆరు మి.మీ. పట్టీని నిప్పు చూపకుండా, నీళ్లలో ముంచుకుంటూ గ్రైండరుతో కత్తిగా చెక్కేయొచ్చు. నీలం రంగు తేలనివ్వకూడదు. అంచు త్వరగా మడుస్తుంది, రోజూ ఆకురాయి పట్టాలి. కానీ విరగదు. సరిగ్గా కాల్చని కత్తి కంటే ఇది మేలు.

పాత మచ్చుకత్తుల మాట

ఇన్ని చెప్పాక ఒక ఎదురు మాట ఒప్పుకోవాలి. తాతల నాటి మచ్చుకత్తులు చాలావరకు ఒకే ఉక్కు కావు. మెత్తటి ఇనుము అలుగుకు అంచున ఉక్కు ముక్క వేసి, వెలిగారం చల్లి, తెల్లటి వేడిలో అతికినవి. దెబ్బ మోసేది ఇనుము, కోసేది ఉక్కు. అలాంటి కత్తికి అంచున ఆకురాయి ఉక్కు వేసినా భయం లేదు, విరగకుండా వెనకున్న ఇనుము కాస్తుంది. నేను చెప్పిన కార్బన్ లెక్క ఒకే ఉక్కుతో చేసే అలుగుకు. ఉక్కు అతికే కమ్మరి మీ దగ్గర్లో ఉంటే, మారు మాట్లాడకుండా ఆయన దగ్గరే చేయించుకోండి. కాకపోతే అతుకు సరిగా కుదరని కత్తికి అంచు పొరలా లేచిపోతుంది, ఆ పని వచ్చినవాళ్లు తగ్గిపోతున్నారు.

ఖర్చు, కొలతలు

కొత్త పట్టీ ఖరీదు పాతదానికి రెట్లు ఉంటుందన్నది నిజమే. అయితే ఎంత ఉక్కు కావాలో చూడండి. 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం, మీటరు పొడవు పట్టీ బరువు రెండుంబావు కిలోల పైన. దాంట్లో తోకతో (పిడిలోకి దిగే భాగం) కలిపి రెండు అలుగులూ, పరీక్ష ముక్కలూ వస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నైలోనో గ్రేడు అడిగి కొనొచ్చు. కమాన్ కట్టలు కట్టే షాపుల్లో వాడని కొత్త పట్టీ విడిగా అమ్ముతారు, పగుళ్ల బెంగ ఉండదు. లారీ పట్టీ 10 మి.మీ. పైన మందం, సాగగొట్టడానికే బొగ్గు, కూలీ దండిగా అవుతాయి. చిన్న వ్యాన్ల పట్టీలు 6–8 మి.మీ., ఆ మేరకు కలిసొస్తుంది.

వీపు పిడి దగ్గర 6 మి.మీ., కొన దగ్గర 4. అంచు కోణం పక్కకు 20 నుంచి 25 డిగ్రీలు, చిల్లకంపకే అయితే 25. తోక అలుగును కలిసే చోట మూల కోసినట్టు ఉండకూడదు, గుండ్రంగా వంపు తీయాలి. మంచి ఉక్కు కూడా ఆ మూలలోనే విరుగుతుంది. తోకకు ముంచిన గట్టిదనం అంటకూడదు, నీలం దాటేదాకా విడిగా కాచాలి.

పిడి వేయకముందు తోక మీద చిన్న ఉలితో రెండు గుర్తులు కొట్టించండి: పట్టీ ఏ రకమో ఒకటి, ఏ ఛాయలో ఏ నూనెలో ముంచారో ఇంకొకటి. అదే పట్టీలో మిగిలిన సగం మీద కూడా అవే గుర్తులు కొట్టి దాచండి.